పొట్టలకెరె నుంచి ఎక్కడికి? తెలుగు విద్యార్థి, కళాచరిత్ర ఉన్నతవిద్య ఎంపిక – చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:

కళాచరిత్రలో స్నాతకోత్తర విద్యకు ఏ విశ్వవిద్యాలయంలో, ఏ శాఖలో చేరాలనే ప్రశ్నను ప్రవేశపరీక్షలకూ ఫీజులకూ సంబంధించిన వ్యవహారంగానే చూడడం వాడుక. తెలుగు ప్రాంతాల్లో ఈ ప్రశ్నకు శతాబ్దకాలపు చరిత్ర ఉంది. ఇక్కడి కళాచరిత్రను తొలితరంలో నిర్మించినవారికి ఆ విషయంలో పట్టాలు లేవు. తరువాతి కాలంలో అది పురావస్తు శాఖల్లోకి, చిత్రకళాశాలల్లోకి, ప్రదర్శనశాలల్లోకి విడివిడిగా చేరింది. ఈ విభజన విద్యార్థి ఎంపికనూ, పరిశోధనవస్తువునూ ఎలా నిర్ణయిస్తూ వచ్చిందో పటాన్‌చెరు ప్రాంత శిల్పాలను ఉదాహరణగా తీసుకుని ఈ వ్యాసం పరిశీలిస్తుంది. ఎంపికలో శాఖ పేరు కంటే అక్కడ లభించే భాషాశిక్షణ ప్రధానమని ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: కళాచరిత్ర, పటాన్‌చెరు, పొట్టలకెరె, జైనశిల్పం, యాజ్దానీ, శివరామమూర్తి, జగదీశ్ మిత్తల్, శాసనభాష, విదేశీ విద్యావేతనం.

1. ఉపోద్ఘాతం:

సంగారెడ్డి జిల్లా పటాన్‌చెరు మండలంలోని ఇంద్రేశం నేడు ఇళ్లస్థలాల వెంచర్లకూ, పరిసర కర్మాగారాల్లో పనిచేసేవారి నివాసాలకూ పేరుపడిన ఊరు. ఒకవైపు పటాన్‌చెరు, మరొకవైపు పాశమైలారం పారిశ్రామికవాడలు. ఇక్కడి యువతరం ఉన్నతవిద్య అనగానే ఇంజనీరింగు, ఫార్మసీ, ఎం.బి.ఏ.ల వైపు చూడడంలో ఆశ్చర్యం లేదు. అలాంటి ఊరి నుంచి వచ్చి బి.ఏ. చదువుతున్న ఒక విద్యార్థిని అడిగిన మాట ఈ వ్యాసానికి ప్రేరణ. విద్యార్థులను హైదరాబాదు పబ్లిక్ గార్డెన్స్‌లోని రాష్ట్ర పురావస్తు ప్రదర్శనశాలకు తీసుకువెళ్లినప్పుడు, పటాన్‌చెరులో లభించిన జైనవిగ్రహాల దగ్గర ఆమె మిగిలినవారి కంటే ఎక్కువసేపు ఆగింది. "సార్, ఇవి మా ఊరి పక్కవే కదా. వీటి గురించే చదువుకోవాలంటే ఏ కోర్సులో చేరాలి?" అని అడిగింది.

చరిత్ర అధ్యాపకుడిగా ఇన్నేళ్లలో ఇంత సూటి ప్రశ్నను నేను ఎదుర్కోలేదు. ఎం.ఏ. చరిత్ర అని చెబితే అందులో విగ్రహం గురించి ఒక యూనిట్ కూడా ఉండకపోవచ్చు. పురావస్తుశాస్త్రం అంటే తవ్వకాలు, మృణ్మయపాత్రలు, కాలనిర్ణయం ముందుకు వస్తాయి. ఫైన్ ఆర్ట్స్ అంటే ఆమెకు బొమ్మలు గీయడం రాదు. మ్యూజియాలజీ అంటే వస్తువును భద్రపరచడం, ప్రదర్శించడం నేర్పుతారు. విగ్రహం ఒకటే అయినా దానివైపు తెరుచుకునే తలుపులు నాలుగు. వాటిలో ఏదీ తన పేరును 'ఈ విగ్రహం' అని చెప్పుకోదు.

కళాచరిత్ర ఒక విశ్వవిద్యాలయ విషయంగా యూరపులో 19వ శతాబ్దంలో స్థిరపడింది. బెర్లిన్ విశ్వవిద్యాలయంలో 1844లో గుస్టావ్ వాగెన్‌కు ఆచార్యపీఠం లభించడాన్ని అందుకు తొలిగుర్తుగా చెబుతారు. వియన్నాలో ఆ విద్యను అభ్యసించిన స్టెల్లా క్రామ్రిష్ టాగోర్ ఆహ్వానంపై శాంతినికేతనానికి వచ్చి, తరువాత కలకత్తా విశ్వవిద్యాలయంలో 1950 వరకు బోధించి, అక్కడి నుంచి అమెరికాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయానికి వెళ్లారు. బెంగాల్‌లో ఆ విధంగా ఒక గురుపరంపర ఏర్పడింది. తెలుగు నేలలో అది అలా జరగలేదు. ఎలా జరిగిందో తెలుసుకోకుండా, నేటి విద్యార్థికి ఏ తలుపు చూపించినా అది ఊహాపోహే అవుతుంది.

2. శాఖకు ముందు కళాచరిత్ర:

రాజమహేంద్రవరం ప్రభుత్వ ఆర్ట్స్ కళాశాల ప్రిన్సిపాలుగా 1910ల దశకంలో పనిచేసిన ఆస్వాల్డ్ కూల్డ్రే ఆంగ్లసాహిత్యం బోధించేవారు. స్వయంగా చిత్రకారుడు. తన శిష్యులను అజంతాకు తీసుకువెళ్లారు. దామెర్ల రామారావు (1897–1925), అడివి బాపిరాజు (1895–1952) ఆయన శిష్యులు. దామెర్ల బొంబాయి జె.జె. స్కూలులో చేరడానికి తోడ్పడినవారూ ఆయనే. ఏ సిలబస్‌లోనూ లేని ఒక యాత్ర, కోర్సుగా ఎక్కడా నమోదు కాని ఒక బోధన, ఆంధ్రలో ఆధునిక చిత్రకళకు, కళావిమర్శకు బీజం వేసింది. పాఠ్యప్రణాళిక నిర్మాతలు ఈ ఉదంతాన్ని తరచుగా ఉదాహరిస్తారు కాని, బస్సు ఖర్చుకు బడ్జెట్ అడిగితే మాత్రం వెనుకాడతారు.

హైదరాబాదు రాజ్యంలో పరిస్థితి వేరు. 1914లో ఏర్పడిన పురావస్తు శాఖకు తొలి సంచాలకుడు గులాం యాజ్దానీ. ఆయన 1943 వరకు ఆ పదవిలో ఉన్నారు. ఆయన అరబ్బీ, పారసీక భాషల పండితుడు. ఇస్లామీయ శాసనాలను పరిష్కరించినవారు. అజంతా కుడ్యచిత్రాల పరిరక్షణకు ఇటలీ నుంచి నిపుణులను రప్పించడం, 1930–1955 మధ్య అజంతా చిత్రాలను నాలుగు సంపుటాలుగా ప్రచురించడం, 1947లో బీదరు చరిత్ర, కట్టడాలపై బృహద్గ్రంథం వెలువరించడం ఆయన కృషిలో ప్రధానాంశాలు. బీదరు గ్రంథాన్ని చదివినవారికి ఒక విషయం స్పష్టమవుతుంది. కట్టడం మీది శాసనాన్ని తానే చదవగలిగిన వ్యక్తి గోడను చూసే తీరు వేరు. లిపి ఆయనకు అలంకారం కూడా, ఆధారం కూడా.

ఇదే లక్షణం మద్రాసులో సి. శివరామమూర్తి (1909–1983) దగ్గర మరో రూపంలో కనబడుతుంది. అమరావతి శిల్పాలు కాలిన్ మెకంజీ 1816 నాటి సర్వే తరువాత, 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వకాల తరువాత చెల్లాచెదరై, కొంతభాగం మద్రాసుకు, కొంతభాగం లండనుకు చేరాయి. మద్రాసు ప్రదర్శనశాలలోని భాగానికి 1942లో శివరామమూర్తి సిద్ధపరిచిన గ్రంథం ఈనాటికీ ప్రామాణికం. ఆయన సంస్కృత విద్యార్థి. శిల్పంలోని ఆభరణాన్ని, ఆసనాన్ని, వాద్యాన్ని, తలపాగా ముడిని సంస్కృత కావ్యపదాలతో గుర్తించారు. లండను భాగానికి రాబర్ట్ నాక్స్ సిద్ధపరిచిన బ్రిటిష్ మ్యూజియం కేటలాగు 1992లో వచ్చింది. రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే, ఒకే స్తూపం రెండు నగరాలకు చీలిపోవడంతో పాటు రెండు చదువులకూ చీలిపోయిందని తెలుస్తుంది. మొదటిది కావ్యం నుంచి శిల్పానికి వెళుతుంది. రెండవది పలక కొలత నుంచి, దాని స్థానం నుంచి, కాలక్రమం నుంచి వెళుతుంది. అమరావతిపై పనిచేయదలచినవారికి రెండూ తప్పవు.

హైదరాబాదుకే చెందిన మూడవ ఉదాహరణ జగదీశ్ మిత్తల్ (1925–2025). శాంతినికేతన్ కళాభవన్‌లో నందలాల్ బోస్, వినోద్ బిహారీ ముఖర్జీల దగ్గర చిత్రలేఖనం నేర్చుకుని 1950ల తొలినాళ్లలో హైదరాబాదు చేరారు. దక్కనీ చిత్రాలపై, తేలియా రుమాళ్లపై, బిద్రీ పనితనంపై ఆయన వ్యాసాలు చిత్రకారుడి కంటితో రాసినవి. రంగు ఏ క్రమంలో పూశారు, గీత ఏ చేతితో ఎలా మళ్లింది అనే ప్రశ్నల నుంచి ఆయన ప్రాంతాన్నీ కాలాన్నీ నిర్ధారించేవారు. ఆంధ్రదేశపు రామాయణ చిత్రాలపై ఆయన గ్రంథాన్ని ఆంధ్రప్రదేశ్ లలితకళా అకాడమీ 1969లో ప్రచురించింది. భార్య కమలా మిత్తల్‌తో కలిసి 1976లో తమ సేకరణను ప్రదర్శనశాల ట్రస్టుగా మార్చారు. తుమ్మపూడిలో కూర్చుని ప్రపంచ కళ గురించి తెలుగులో రాసిన సంజీవదేవ్ (1914–1999) ఈ ముగ్గురికీ భిన్నం. ఆయనది విశ్వవిద్యాలయం బయటి స్వయంకృషి. తెలుగులో కళను గురించి మాట్లాడడానికి ఒక వాక్యనిర్మాణాన్ని ఆయన తరం అందించింది. అయితే తేదీలకు, ఆధారాలకు ఆయన దగ్గరికి వెళ్లేవారు నిరాశపడతారు. అది ఆయన చేపట్టిన పని కాదు.

వీరిలో ప్రతివారికీ కళకు ఆవల ఒక గట్టి విద్య ఉంది. ఒకరికి పారసీకం, ఒకరికి సంస్కృతం, ఒకరికి కుంచె. కళాచరిత్ర పట్టా లేకపోవడం వీరికి లోపం కాలేదనే మాట తరచూ వింటాం. అది అర్ధసత్యం. వీరికి జీవితాంతం శిల్పాల మధ్య, చిత్రాల మధ్య ఉండే అవకాశం ఉద్యోగం ద్వారానో, సేకరణ ద్వారానో దక్కింది. ఇంద్రేశం విద్యార్థినికి ఆ అవకాశం లేదు. ఆమెకు ఒక శాఖ కావాలి.

3. మూడు ఇళ్లు:

స్వాతంత్ర్యం తరువాత తెలుగు ప్రాంతాల్లో కళాచరిత్ర ప్రధానంగా ప్రాచీన భారత చరిత్ర, సంస్కృతి, పురావస్తు శాఖల నీడలో పెరిగింది. తిరుపతి శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయ చరిత్రాచార్యులు ఎం. రామారావు ఆంధ్రదేశపు చాళుక్యాలయాలపై 1960లలో వరుసగా గ్రంథాలు వెలువరించారు. ఉస్మానియాకు చెందిన ఎం. రాధాకృష్ణశర్మ తెలంగాణ ఆలయాలపై రాసిన గ్రంథం 1972లో వచ్చింది. బి. రాజేంద్రప్రసాద్ ఆంధ్ర ఆలయశిల్పంపై 1978లో, ఆంధ్రప్రదేశ్ కళపై 1980లో గ్రంథాలు ప్రచురించారు. వీటి బలం క్షేత్రపరిశీలన, శాసనాధారం, రాజవంశాల వారీ వర్గీకరణ. ఆలయం ఎవరి కాలానిది, ఏ శాఖకు చెందినది, విగ్రహం ఏ ఆగమలక్షణానికి సరిపోతుంది అనే ప్రశ్నలకు ఇవి ధీమాగా జవాబు ఇస్తాయి. శిల్పి ఎవరు, రాయి ఎక్కడిది, ఆ శిల్పం ముందు ఎవరు నిలబడడానికి అనుమతి ఉండేది వంటి ప్రశ్నలు వీటిలో అరుదు. ఆ ప్రశ్నలు అడగడం నేర్పే ఇల్లు అది కాదు.

రెండవ ఇల్లు చిత్రకళాశాల. హైదరాబాదులో 1940లో మొదలైన ప్రభుత్వ లలితకళల, వాస్తుకళల పాఠశాల తరువాత జె.ఎన్.టి.యు. కళాశాలగా మారి, 2008లో జవహర్‌లాల్ నెహ్రూ వాస్తు, లలితకళల విశ్వవిద్యాలయంగా రూపొందింది. ఇక్కడ కళాచరిత్ర చిత్రకారుడికి అవసరమైన అనుబంధవిద్య. ఉన్నతశిక్షణ కోరినవారి చూపు బరోడా వైపు మళ్లింది. మహారాజా సయాజీరావు విశ్వవిద్యాలయంలో 1950లో ఏర్పడిన లలితకళల ఫ్యాకల్టీలో కళాచరిత్రకు, సౌందర్యశాస్త్రానికి ప్రత్యేక శాఖ ఉంది. మెదక్ జిల్లా నిజాంపురంలో పుట్టిన లక్ష్మాగౌడ్ హైదరాబాదు చదువు ముగించి 1960లలో బరోడా వెళ్లి కె.జి. సుబ్రహ్మణ్యన్ దగ్గర అభ్యసించారు. తోట వైకుంఠం కూడా అదే దారిలో, రాష్ట్ర లలితకళా అకాడమీ సహాయవేతనంతో వెళ్లారు. మెదక్, కరీంనగర్ పల్లెల నుంచి బరోడాకు ఒక బాట ఉందని ఈ పేర్లు చూపుతాయి. అయితే మనవాళ్లలో పేరు తెచ్చుకున్నవారు ఆ బాటన వెళ్లింది చిత్రకారులుగా. అక్కడి కళాచరిత్ర తరగతి గది అదే ప్రాంగణంలో ఉన్నా, మన అకాడమీల దృష్టి కుంచె పట్టినవారి మీదే నిలిచింది. ఒక ప్రాంతపు కళాకారులు జాతీయస్థాయికి ఎదిగినా, వారి గురించిన గంభీరమైన చరిత్రరచన ఆ ప్రాంతభాషలో వెనుకబడడానికి ఇదొక కారణమని నా అభిప్రాయం.

హైదరాబాదు విశ్వవిద్యాలయంలోని సరోజినీ నాయుడు పాఠశాల ఈ రెండు ఇళ్ల మధ్య కొత్తగా లేచిన గోడలేని వసారా వంటిది. అబిడ్స్‌లోని గోల్డెన్ త్రెషోల్డ్ భవనంలో ప్రారంభమైన ఈ పాఠశాలలో లలితకళల శాఖ కళాచరిత్ర, దృశ్యాధ్యయనాలను చిత్ర, శిల్పకళలతో సమానమైన ప్రత్యేకాంశంగా బోధిస్తుంది. సినిమా పోస్టరు, క్యాలెండరు బొమ్మ, కూడలిలోని విగ్రహం కూడా ఇక్కడ పరిశోధనవస్తువులు అవుతాయి. ఇంద్రేశం నుంచి గచ్చిబౌలి దూరం పెద్దది కాదు. అయినా చాలామంది చరిత్ర విద్యార్థులకు ఇలాంటి కోర్సు ఉన్నదన్న సంగతే తెలియదు.

మూడవ ఇల్లు ప్రదర్శనశాల. ఢిల్లీ జాతీయ మ్యూజియం ప్రాంగణంలో 1989లో మొదలైన జాతీయ మ్యూజియం సంస్థ కళాచరిత్ర, సంరక్షణ, మ్యూజియాలజీలలో పట్టాలు ఇచ్చింది. నేడు అది నోయిడాలో భారతీయ వారసత్వ సంస్థగా కొనసాగుతోంది. వస్తువును చేతితో తాకి, బరువు చూసి, మరమ్మతు గుర్తించి చదివే విద్య ఇది. జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయంలో 2001లో ఏర్పడిన కళల, సౌందర్యశాస్త్ర పాఠశాల ఇందుకు దాదాపు వ్యతిరేకధ్రువం. అక్కడ సిద్ధాంతానికి, రాజకీయచరిత్రకు పెద్దపీట. ఇక సంగారెడ్డి జిల్లాలోనే, కందిలోని ఐ.ఐ.టి. హైదరాబాదులో వారసత్వ విజ్ఞానానికి ఒక విభాగం ఏర్పడింది. రాతి రసాయనం, రంగుద్రవ్యం, డిజిటల్ నమోదు వంటి అంశాలపై పనిచేయదలచినవారికి, ముఖ్యంగా విజ్ఞానశాస్త్ర పట్టభద్రులకు, ఇది ఇంటిపక్కనే ఉన్న అవకాశం.

4. మాడిసన్‌లో తెలంగాణ ఆలయం:

సాధారణ శక మధ్యయుగ తెలంగాణ వాస్తుపై (సుమారు 1000–1300) వచ్చిన సూక్ష్మ పరిశోధనల్లో ఒకటి 1986లో అమెరికాలోని విస్కాన్సిన్–మాడిసన్ విశ్వవిద్యాలయానికి ఫిలిప్ వాగనర్ సమర్పించిన పిహెచ్.డి. సిద్ధాంతగ్రంథం. పటాన్‌చెరు శిల్పాల కాలం కూడా ఇంచుమించు ఆ పరిధిలోనిదే. మంచు సరస్సుల ఒడ్డున ఉన్న ఆ ఊరిలో తెలంగాణ ఆలయాల గురించి రాయడం ఎలా సాధ్యమైంది? అక్కడ కళాచరిత్ర శాఖ ఉంది. అదే ప్రాంగణంలో వెల్చేరు నారాయణరావు తెలుగు బోధిస్తున్నారు. వాగనర్ తరువాత 1993లో 'రాయవాచకము'ను ఆంగ్లంలోకి అనువదించి, దాని చారిత్రక విలువను చర్చించారు. రిచర్డ్ ఈటన్‌తో కలిసి దక్కను కోటలు, ఆలయాలు, అధికారచరిత్రపై రాసిన గ్రంథం 2014లో వచ్చింది. కట్టడం చదవడానికి తెలుగు వచనం చదవడం ఎంతగా ఉపకరించిందో ఈ మూడు రచనలను క్రమంగా చదివితే అర్థమవుతుంది.

రెండవ ఉదాహరణ తెలంగాణ పటచిత్రాలది. నకాశీలు చిత్రించిన పటాలను చూపుతూ కూనపులి, కాకిపడగల, మందెచ్చుల కథకులు కులపురాణాలు చెబుతారు. ఈ పటాలపై కీర్తనా తంగవేలు సిద్ధాంతగ్రంథం 1998లో బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో ఆమోదం పొందింది. బొమ్మకు కథ, కథకు కథకుడు, కథకుడికి దాతకులం ఉన్న ఈ సంప్రదాయాన్ని బొమ్మగా మాత్రమే చూసే శాఖలో గాని, జానపద కథగా మాత్రమే చూసే శాఖలో గాని సమగ్రంగా చదవడం కష్టం. మన తెలుగు శాఖల్లో కులపురాణాలపై, ఆశ్రితకులాలపై విలువైన పరిశోధనలు వచ్చాయి. వాటిలో పటం సాధారణంగా ఒక అనుబంధంగా, చివరి పుటల్లోని నలుపు తెలుపు ఫొటోగా మిగిలిపోయింది. చిత్రకళాశాలల్లో పటం మిగిలి, పాట పోయింది. ఒకే వస్తువుకు జరిగిన ఈ పంపకం మన శాఖల సరిహద్దుల వల్ల వచ్చినదే.

విదేశీ విశ్వవిద్యాలయాల ఔన్నత్యాన్ని చాటడం ఈ ఉదాహరణల ఉద్దేశం కాదు. అక్కడ కూడా తెలుగు బోధన ఒక ఆచార్యునితో మొదలై, ఆయన పదవీవిరమణతో బలహీనపడగలదు. అందుకే శాఖ ప్రఖ్యాతిని చూసి కాక, చేరబోయే సంవత్సరంలో అక్కడ ఎవరు ఏ భాష బోధిస్తున్నారో చూసి నిర్ణయించుకోవలసి ఉంటుంది.

5. పొట్టలకెరె శిల్పం అడిగే భాష:

విద్యార్థిని ప్రశ్నను ఇప్పుడు మళ్లీ చూద్దాం. కల్యాణి చాళుక్య చక్రవర్తి రెండవ జయసింహుని (పాలన సుమారు 1015–1043) నెలవీడుగా శాసనాల్లో కనబడే పొట్టలకెరెను చరిత్రకారులు నేటి పటాన్‌చెరుగా గుర్తించారు. 'కెరె' కన్నడంలో చెరువు. ఊరి పేరులోనే రెండు భాషలు ఉన్నాయి. కల్యాణి చాళుక్యుల పాలనలోని పశ్చిమ తెలంగాణలో శాసనభాష చాలావరకు కన్నడం. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 1961లో పి. శ్రీనివాసాచార్ సంపాదకత్వంలో కన్నడ శాసనాల సంపుటం ప్రత్యేకంగా ప్రచురించవలసి రావడమే ఇందుకు నిదర్శనం.

దక్షిణదేశ జైనంపై, జైన శాసనాలపై 1957లో ప్రామాణిక గ్రంథం రాసిన పి.బి. దేశాయి తరువాత ధార్వాడలోని కర్ణాటక విశ్వవిద్యాలయంలో కన్నడ పరిశోధన సంస్థకు నాయకత్వం వహించారు. ఆంధ్రలో జైన అవశేషాలపై ఎస్. గోపాలకృష్ణమూర్తి గ్రంథం 1963లో వచ్చింది. ఈ రెండింటినీ కలిపి చదివినవారికి ఒక లోటు కనబడుతుంది. స్థలాల జాబితా ఒక చోట, శాసనపాఠం మరో చోట ఉన్నాయి. శిల్పశైలిని ఈ రెండింటితో అనుసంధానించే సమగ్ర పరిశీలనకు ఇంకా చాలా చోటుంది. ఆ పని చేయదలచినవారికి తీర్థంకరుల లాంఛనాలు గుర్తించే ప్రతిమాశాస్త్ర పరిచయంతో పాటు హళగన్నడం, కొంత ప్రాకృతం అవసరం.

ఈ అవసరం తెలియగానే ఎంపిక పటం మారిపోతుంది. ఢిల్లీ, బరోడా, లండన్ అంటూ మొదలయ్యే జాబితాలో మన విద్యార్థులెవరూ ధార్వాడ పేరు రాయరు. అక్కడి కర్ణాటక విశ్వవిద్యాలయంలో ప్రాచీన భారత చరిత్ర, శాసనశాస్త్రాలకు శాఖ ఉంది. మైసూరులో భారత పురావస్తు సర్వేక్షణ శాసనవిభాగం ఉంది. పటాన్‌చెరు విగ్రహానికి లండన్ కంటే ధార్వాడ దగ్గర, దూరంలోనూ విషయంలోనూ. ఇదే తర్కం ప్రకారం కుతుబ్‌షాహీ సమాధులపై పనిచేయదలచినవారికి పారసీక శాఖ, అమరావతిపై పనిచేయదలచినవారికి ప్రాకృతం, పాళీ, బ్రాహ్మీలిపి, పైడి జయరాజ్ కాలపు సినిమా పోస్టర్లపై పనిచేయదలచినవారికి ఉర్దూ, హిందీ, మరాఠీ పత్రికలు ముందు తేలాలి. కోర్సు పేరు తరువాతి విషయం.

అమెరికా డాక్టరేట్ కార్యక్రమాల్లో రెండు పరిశోధన భాషల్లో పఠనసామర్థ్యం చూపమనే నియమం సంప్రదాయంగా ఉంది. యూరోపియన్ కళ చదివేవారికి అవి జర్మన్, ఫ్రెంచి. దక్షిణాసియా కళ చదివేవారికి సంస్కృతం, పారసీకం, తెలుగు, కన్నడం వంటివి పరిశోధన భాషలే. తెలుగు మాధ్యమంలో చదువుకోవడాన్ని న్యూనతగా భావించే మన విద్యార్థి తన దరఖాస్తులో తెలుగును 'మాతృభాష' అని ఒక్క మాట రాసి వదిలేస్తాడు. శాసనం చదవగలను, తాటాకు ప్రతి చదవగలను అని రాయగలిగితే అదే దరఖాస్తు బరువు మారుతుంది.

6. వేతనం, నిషేధం:

డబ్బు గురించి మాట్లాడకుండా ఎంపిక గురించి మాట్లాడడం కలిగినవారికే చెల్లుతుంది. అమెరికాలో ఎం.ఏ.కు విద్యార్థే చెల్లించుకోవలసి రావడం సాధారణం. పిహెచ్.డి. ప్రవేశంతో పాటు ఫీజు మినహాయింపు, జీవనభృతి లభించడం ఎక్కువ. బ్రిటన్‌లో ఎం.ఏ. ఒక్క సంవత్సరంలో ముగుస్తుంది, ఖర్చు మాత్రం భారీ. తెలంగాణ ప్రభుత్వపు అంబేద్కర్ విదేశీ విద్యానిధి ఎస్సీ, ఎస్టీ విద్యార్థులకు 20 లక్షల రూపాయల వరకు సహాయం ఇస్తుంది. ఈ మొత్తం లండన్‌లో ఒక సంవత్సరపు చదువుకు, నివాసానికి కలిపి చాలడం కష్టం.

కేంద్ర సామాజిక న్యాయ మంత్రిత్వ శాఖ నిర్వహించే జాతీయ విదేశీ విద్యావేతనం షెడ్యూల్డు కులాలు, విముక్త సంచార జాతులు, భూమిలేని వ్యవసాయ కూలీలు, సంప్రదాయ చేతివృత్తులవారి పిల్లలకు ఉద్దేశించినది. సంవత్సరానికి 125 మందికి ఇస్తారు. 2022–23 నుంచి అమలైన మార్గదర్శకాల్లో భారతీయ సంస్కృతి, వారసత్వం, చరిత్ర, భారతదేశ సామాజికాధ్యయనాలకు సంబంధించిన అంశాలను ఈ వేతనం పరిధి నుంచి తొలగించారు. ఈ అంశాలకు దేశంలోనే వనరులు, నిపుణులు ఉన్నందున విదేశాలకు వెళ్లనవసరం లేదన్నది ప్రభుత్వం చెప్పిన కారణం.

ఈ కారణాన్ని కళాచరిత్ర దృష్టితో పరీక్షించాలి. అమరావతి పలకలు వందకు పైగా లండన్‌లో ఉన్నాయి. దక్కనీ చిత్రాల్లో ముఖ్యమైనవి యూరపు, అమెరికా సంగ్రహాల్లో ఉన్నాయి. ఆధారం విదేశంలో ఉండగా, చదువు స్వదేశంలోనే చాలునని చెప్పడం పొసగదు. అంతకంటే తీవ్రమైనది మరొకటి. శిల్పం చెక్కినవారి, పటం గీసినవారి, బిద్రీపాత్రకు మెరుగుపెట్టినవారి వంశాల్లోని పిల్లలు 'సంప్రదాయ చేతివృత్తులవారు' అనే శీర్షిక కిందే ఈ వేతనానికి అర్హులు. ఆ వృత్తి చరిత్రను చదువుతామంటే మాత్రం అనర్హులు. అదే విద్యార్థి ఇటాలియన్ చిత్రకళపై చదువుతానంటే ఈ నిబంధన అడ్డురాదు. సొంత డబ్బుతో వెళ్లగలిగినవారికి అమరావతి చదవడానికి ఏ ఆటంకమూ లేదు. కాబట్టి ఈ నియమం విషయాన్ని నిషేధించలేదు, ఆ విషయాన్ని ఎవరు చదవాలో నిర్ణయించింది. మన విశ్వవిద్యాలయాల చరిత్ర శాఖల నుంచి దీనిపై రావలసినంత చర్చ రాలేదు.

7. పట్టా మీది పేరు:

ఉద్యోగం విషయం క్లుప్తంగా. సహాయాచార్య పదవికి సంబంధిత విషయంలో లేదా అనుబంధ విషయంలో స్నాతకోత్తర పట్టాను యు.జి.సి. నిబంధనలు కోరతాయి. జాతీయ అర్హతపరీక్షలో కళాచరిత్ర 'విజువల్ ఆర్ట్స్'లో ఒక భాగం. పురావస్తుశాస్త్రం, మ్యూజియాలజీ, భారతీయ సంస్కృతి, చరిత్ర వేరువేరు విషయాలు. తెలుగు రాష్ట్రాల డిగ్రీ కళాశాలల్లో ఉండేది చరిత్ర పోస్టు. 'అనుబంధ విషయం' అంటే ఏది అన్నది నియామక సమయంలో వివాదానికి దారితీయవచ్చు. ఒకే విగ్రహంపై పనిచేసిన ముగ్గురు పరిశోధకులు పట్టా మీది పేరును బట్టి మూడు వేరు వరుసల్లో నిలబడతారు. బోధనవృత్తిలోకి రాదలచినవారు ఎం.ఏ.ను చరిత్రలో చేసి, కళాచరిత్రను పిహెచ్.డి. అంశంగా తీసుకోవడం క్షేమమని నేను విద్యార్థులకు చెబుతున్నాను. ఇది విద్యావిషయకమైన సలహా కాదని నాకు తెలుసు. మ్యూజియంలో, కళాసంస్థల్లో, పత్రికల్లో పనిచేయదలచినవారికి ఈ జాగ్రత్త అవసరం లేదు.

ఇంద్రేశం విద్యార్థిని విషయంలో కూడా ఈ లెక్కలన్నీ వచ్చాయి. తండ్రి పాశమైలారంలో షిఫ్టు కార్మికుడు. బరోడా హాస్టలు ఖర్చు కూడా ఆ ఇంటికి భారమే. ఇద్దరం కాగితం మీద రెండు నిలువుగీతలు గీసి, ఒకవైపు కోర్సులు, మరోవైపు అక్కడ నేర్చుకోగల భాషలు రాశాం. ఆమె రోజూ ఇంటి నుంచి వెళ్లిరాగలిగేలా హైదరాబాదులోనే ఎం.ఏ. చరిత్రలో చేరింది. రెండవ సెమిస్టరు లఘుపరిశోధనకు పటాన్‌చెరు జైనశిల్పాల్లో పరికరశైలిని అంశంగా తీసుకుంది. ఇప్పుడు ఆమె దగ్గర పాత కన్నడ వ్యాకరణం ఒకటి, శ్రీనివాసాచార్ శాసనసంపుటం జిరాక్సు ఒకటి ఉన్నాయి. మొన్న ఫోను చేసి, ధార్వాడలో పిహెచ్.డి. ప్రవేశాలు ఏ నెలలో ప్రకటిస్తారో కనుక్కోమని అడిగింది.